లెక్కలో లేని నెల

నేను వేసిన లెక్క తప్పని ఎవరూ అనలేరు. నా సర్వీసు మొత్తంలో వార్డు స్టాకు పుస్తకంలో ఒక్క సూది తేడా రాలేదు. రాత్రి డ్యూటీ వాళ్ళు దుప్పట్లు నలభై అని అప్పగిస్తే నలభయ్యీ ఉండాల్సిందే. ముప్ఫై తొమ్మిదే ఉంటే, ఆ నలభయ్యోది కనపడేదాకా ఎవర్నీ గుమ్మం దాటనిచ్చేదాన్ని కాదు. "ప్రేమలీల సిస్టరు చేతిలో పడ్డావా, అయిపోయావే" అని హౌస్ సర్జన్లు ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకునేవాళ్ళు. నవ్వుకోనీ. వాళ్ళకి నరం ఎక్కడుందో వేలుపెట్టి చూపించింది నేనే.

అందుకే డెబ్భై ఆరులో మా అన్నయ్య యేసుదానం, ఇంటర్ పాసైన కూతురు ఫ్లోరెన్స్‌ని వెంటబెట్టుకుని మా నర్సుల క్వార్టర్సుకి వచ్చాడు. అన్నయ్య పోర్టులో వించి నడుపుతాడు. ఓడ అడుగున ఉన్న సరుకు ఎంత బరువున్నా పైకి లాగేస్తాడుగానీ, చేతికి కాగితం ఇస్తే తడబడతాడు. ఆ రోజు జేబులోంచి రెండు కాగితాలు తీసి నా మంచం మీద పెట్టాడు.

ఒకటి మా ఆసుపత్రి నర్సింగ్ స్కూలు నుంచి వచ్చింది. మూడేళ్ళ డిప్లొమా. ఫీజు లేదు, పైగా నెలకి తొంభై రూపాయలు స్టైఫండు. రెండోది మద్రాసు అవతల ఒక మిషన్ కాలేజీ నుంచి. నాలుగేళ్ళ బి.ఎస్సీ. నర్సింగ్. ఫీజు, మెస్సు, యూనిఫారాలు, రైలు ఛార్జీలు, అన్నీ మనమే పెట్టుకోవాలి.

"ఒలే ప్రేమా, రెండింట్లో ఏది మంచిదో నువ్వే సెప్పు. నాకేటి తెలుత్తాది?" అన్నాడు అన్నయ్య.

"గుంట ఏటంటన్నాది?"

"డిగ్రీ సదువుతానంటన్నాది. బ్యాంకోళ్ళు ఆరువేలు అప్పిత్తారట. పర్మనెంటు సర్కారు ఉద్యోగి జామీను సంతకం పెట్టాలట." అక్కడితో ఆగి నేల చూశాడు.

మా చుట్టాల్లో పర్మనెంటు సర్కారు ఉద్యోగి ఎవరయ్యా అంటే నేనొక్కదాన్నే. అన్నయ్య తుఫానుకి ఎగిరిపోయిన ఇంటికప్పు కోసం అప్పటికే పోర్టు సొసైటీలో అప్పు చేసి ఉన్నాడు. ఇక నా సంగతి. పెళ్ళి చేసుకోలేదు, క్వార్టర్సులో ఒక గది, ఒక కిరసనాయిలు స్టవ్వు. సీతమ్మధార వైపు నూట ఇరవై గజాల స్థలం చూసి పెట్టుకున్నాను. ఇల్లు కట్టుకోవడానికి లోనుకి అర్జీ పెడదామనుకుంటున్నాను. ఇంకొకరి అప్పుకి జామీనుంటే, అది తీరేదాకా నా లోను మాట ఎవరూ వినరు. పైగా ఆ పిల్ల కట్టకపోతే నా జీతంలోంచి కోసుకుంటారు. అంటే అన్నయ్య నన్నడుగుతున్నది సలహా కాదు, నా ఇల్లు.

ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. డిగ్రీ నర్సులంటే నాకు పడదు. వాళ్ళు జ్వరాన్ని పుస్తకంలో చూస్తారు, మేం నుదుటి మీద చూస్తాం. నేను పక్క పరవడం నేర్పిన పిల్ల ఎక్కడికో పోయి డిగ్రీ తెచ్చుకుని, ఇరవై నాలుగేళ్ళకి నా మీద ట్యూటరుగా వచ్చి కూచుంది. ఆవేళ నాకు అన్నం సయించలేదు.

"కూచోండి, లెక్క వేద్దాం" అన్నాను. వాడేసిన టెంపరేచర్ చార్టు ఒకటి తిరగేసి, వెనక్కాల గీత గీశాను.

డిప్లొమాలో చేరితే మూడేళ్ళలో స్టైఫండు మూడువేల రెండువందల నలభై. డిగ్రీకి పోతే అది పోయినట్టే. డిప్లొమా పిల్ల నాలుగో ఏడు ఉద్యోగంలో ఉంటుంది, నెలకి నాలుగువందల యాభై చొప్పున ఏడాదికి అయిదువేల నాలుగువందలు. డిగ్రీ పిల్ల ఆ ఏడు ఇంకా చదువుతూనే ఉంటుంది కాబట్టి అదీ పోయింది. కాలేజీ ఖర్చు ఏడాదికి పద్దెనిమిదివందలు, నాలుగేళ్ళకి ఏడువేల రెండువందలు. అందులో పన్నెండువందలు అన్నయ్య ఎలాగో తెస్తే మిగతా ఆరువేలూ బ్యాంకు. దానికి వడ్డీ దగ్గర దగ్గర రెండువేలు. అన్నీ కలిపితే పదిహేడువేల ఎనిమిదివందల నలభై.

"మరి డిగ్రీకొచ్చే లాభం ఎంతో తెలుసా? డిప్లొమాకి నాలుగువందల యాభయ్యయితే డిగ్రీకి అయిదువందల యాభై. నెలకి వంద రూపాయలు ఎక్కువ. ఏడాదికి పన్నెండువందలు. పన్నెండువందల చొప్పున పదిహేడువేల ఎనిమిదివందలు రావాలంటే పదిహేనేళ్ళు! పదిహేనేళ్ళు పనిచేస్తే, అప్పుడు డిప్లొమా పిల్లతో సమానమవుతావు. అప్పు సేసి పప్పుకూడంటే ఇదే" అన్నాను. చార్టు ఫ్లోరెన్స్ ముందు పెట్టి, పెన్సిలు చెవి వెనక దోపుకున్నాను. మా అన్నయ్య మొహం మాడిపోయింది.

ఫ్లోరెన్స్ తొందరపడలేదు. అంకెల మీద వేలు పెట్టి పైనుంచి కిందికి కూడింది. వడ్డీ దగ్గర ఒకసారి ఆగి మనసులో గుణించుకుని మళ్ళీ కదిలింది. నా లెక్కని నా ఎదురుగానే తనిఖీ చేసిన మనిషి అదొక్కతే.

"తప్పేటీ లేదత్తా" అంది చివరికి. "పదిహేనేళ్ళే. అప్పటికి నాకెన్నేళ్ళుంటాయి?"

"ఇరవై రెండుకి ఉద్యోగమొత్తే ముప్ఫై ఏడు."

"రిటైరెప్పుడు?"

"యాభై అయిదుకి."

"మరి ఆ మద్దినున్న పద్దెనిమిదేళ్ళూ కాగితం మీద లేవేటి? నీ లెక్క పదిహేనేళ్ళకాడ ఆగిపోనాది. నానక్కడ ఆగిపోను కదా!"

పెన్సిలు చెవి వెనకే ఉండిపోయింది. నాకు ఒళ్ళు మండింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల, నిన్నమొన్నటిదాకా ముక్కు తుడిపించుకున్న పిల్ల, నాకు లెక్క చెబుతోంది! ఆ మంటతోపాటు ఇంకోటి కూడా లోపల కదిలింది. అది గర్వమని ఒప్పుకోవడానికి నాకు వారం పట్టింది.

"ఫెయిలయితే?" అన్నాను.

"ఫెయిలవను."

"ఉద్యోగం రాపోతే?"

"నీ మేనకోడల్ని. రాకెక్కడికి పోతాది?"

అన్నయ్య ఫక్కున నవ్వి, నా మొహం చూసి నోరు మూసుకున్నాడు.

వారం తిరిగాక బ్యాంకుకి వెళ్ళాను. బ్రాంచి మేనేజరుని అప్పట్లో ఏజెంటనేవాళ్ళం. ఏజెంటు శ్రీరామ్మూర్తిగారు నా జీతం సర్టిఫికెట్టు ముందుకీ వెనక్కీ తిప్పి చూశారు. "మేనకోడలా అమ్మా? సొంత కూతురికి జామీనుండమంటేనే వెనకాడే వాళ్ళున్నారు. పైగా నర్సు చదువుకి అప్పంటే మా బ్రాంచిలో ఇదే మొదటిది. బాగా ఆలోచించుకున్నారా?" అన్నారు.

"మీ ఫారంలో ఆలోచించుకున్నారా అని గడి ఉందాండీ?" అన్నాను.

ఆయన నవ్వి, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించారు. నాలుగుచోట్ల పెట్టాను. చదువయ్యాక ఉద్యోగం వచ్చిన మొదటి నెల నుంచి నెలకి నూట పాతిక, అరవై నాలుగు వాయిదాలు. ఆ అరవై నాలుగూ ఏ నెల ఏది కట్టాలో నేనే ఒక నోటుపుస్తకంలో గీతలు గీసి రాసిపెట్టాను. ఆ పుస్తకం మీద నాకు బైబిలు మీదున్నంత నమ్మకం.

నాలుగేళ్ళు గడిచాయి. సీతమ్మధార స్థలం ఇంకెవరో కొనుక్కున్నారు. దాని ధర రెట్టింపైంది కూడా. అటు వెళ్ళే బస్సెక్కినప్పుడల్లా నేను ఆ స్థలం కనపడకుండా అవతలివైపు కిటికీ దగ్గర కూచునేదాన్ని. ఫ్లోరెన్స్ మాత్రం మాట తప్పలేదు. పరీక్ష అయినప్పుడల్లా మార్కుల కాగితం నకలు రాసి, కింద "అత్తా, తనిఖీ చేసుకో" అని రాసి పంపేది. రెండో ఏడు అనాటమీలో తొంభై ఒకటి. ఆ కాగితం యాప్రాన్ జేబులో పెట్టుకుని తిరిగాను. నా మీద ట్యూటరుగా వచ్చిన పిల్ల కనపడితే, అడక్కపోయినా తీసి చూపించాను. సిగ్గెందుకు? తొంభై ఒకటి!

ఎనభైలో డిగ్రీ పట్టుకుని వచ్చింది. మా అన్నయ్య ఆ సర్టిఫికెట్టుని ప్లాస్టిక్ కవరులో పెట్టి పోర్టుకి తీసుకుపోయాడు. వించి ఆపి, జట్టు జట్టంతటినీ పిలిచాడు. "సూడు బావా, నా కూతురు బి.ఎస్సీ.! నర్సింగులో బి.ఎస్సీ.!" అన్నాడట. చేతికి గ్రీజున్నవాళ్ళని మాత్రం ముట్టుకోనివ్వలేదట. అక్టోబరు ఒకటిన ఊళ్ళోనే ఒక మిషన్ ఆసుపత్రి నర్సింగ్ స్కూల్లో ట్యూటరుగా చేరింది. జీతం అయిదువందల అరవై. నా లెక్క కంటే పది రూపాయలు ఎక్కువే.

నవంబరు ఆఖర్లో ఒకరోజు డాక్టరుగారి రౌండ్స్ జరుగుతున్నాయి. ఆఫీసు ప్యూను వచ్చి, అందరి ముందూ నా చేతిలో ఒక కవరు పెట్టి, సంతకం చేయమన్నాడు. బ్యాంకు నోటీసు. "మీరు జామీనుగా ఉన్న ఫలానా అప్పు తాలూకు మొదటి వాయిదా ముట్టలేదు. వారం రోజుల్లో చెల్లించనిచో మీ జీతం నుండి..."

అక్కడితో చదవడం ఆపేశాను. ఒక్క సూది తేడా రానివ్వని మనిషికి మొదటి వాయిదాకే నోటీసు! పక్కనున్న స్టాఫ్ నర్సు తాయారు "ఏంటక్కా?" అంది. "ఏం లేదు, పదహారో నంబరుకి డ్రిప్పు చూడు" అని కసిరాను. పదహారో నంబరు మంచం ఖాళీగా ఉందని తర్వాత తెలిసింది.

డ్యూటీ దిగ్గానే యూనిఫారం కూడా మార్చుకోకుండా పూర్ణా మార్కెట్ వెనక సందులో ఉన్న అన్నయ్య ఇంటికి పోయాను. మా వదిన ఆరోగ్యమ్మ అరుగు మీద చేపలు తోముతోంది.

"వదినా, నీ కూతురు మొదటి జీతం ఏటి సేసింది?"

"ఏటి సేత్తాది?" అంది వదిన, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. "కోతల పండగనాడు సంఘంలో ఇచ్చేసినాది."

"మొత్తమా?"

"మరేటి, దేముడికి సగం సగం ఇత్తారేటి?"

మాలో మొదటి జీతం దేవుడిది. ప్రథమ ఫలం అంటాం. గుమస్తాకైనా, ఖలాసీకైనా, కలెక్టరుకైనా అదే పద్ధతి. కవరులో పెట్టి, పైన పేరు రాసి కోతల పండగ నాడు ఇస్తే, కోశాధికారి ఆ పేరూ మొత్తమూ నిలబడి చదువుతాడు. కోతలంటే మాకేం పొలాలున్నాయి గనక! పూర్ణా మార్కెట్లో గుమ్మడికాయలూ అరటి గెలలూ కొని తెచ్చి, ఇవే మా పంట అని దేవుడి ముందు పెట్టి, మళ్ళీ మేమే వేలంపాటలో కొనుక్కుంటాం. ఆ ఆదివారం తాయారు కొడుక్కి జ్వరమని నేను తన డ్యూటీ చేశాను, పండక్కి పోలేదు.

అప్పుడు తట్టింది నాకు. అరవై నాలుగు వాయిదాలూ గీతలు గీసి రాసుకున్న నా పుస్తకంలో మొదటి జీతం నుంచే మొదటి వాయిదా ఉంది. ఇంట్లో ఎవర్నడిగినా "మొదటి నెల వదిలెయ్యాలి కదా" అనేవాళ్ళు. అక్షరం రాని వదినకి తెలిసినది నాకు తట్టలేదు. ఇంత చిన్న విషయం ఎలా మర్చిపోయానో ఆ క్షణంలో నాకు అర్థం కాలేదు. అర్థం కానప్పుడు నేను చేసే పని ఒకటే, గొంతు పెంచడం.

నా కేకలకి అన్నయ్య లోపల్నుంచి వచ్చాడు. "అరవకే తల్లీ! రెండు వాయిదాలూ కలిపి వచ్చే నెల కడతానని అది ఏజెంటుకి సెప్పిందట. ఆయన సరేనన్నాడట. మద్దినెవరో గుమస్తా ఈ నోటీసు పంపేసినాడు."

"నాకెందుకు సెప్పలేదు?"

అన్నయ్య వదిన మొహం చూశాడు, వదిన చేపల మొహం చూసింది. "కనకరత్నాన్ని అడుగు. కానుకల పుస్తకం ఆడికాడే ఉన్నాది" అని లోపలికి పోయాడు.

అడగనా మరి! నేరుగా చర్చికి నడిచాను. సాయంత్రం ప్రార్థనకి ఇంకా గంట టైముంది. కోశాధికారి కనకరత్నం వెనక బల్ల దగ్గర రశీదులు గుచ్చుకుంటున్నాడు. మనిషి మెతక, నన్ను చూస్తే ఇంకా మెత్తబడతాడు.

"కనకరత్నం, ఫ్లోరెన్స్ కవరులో అయిదువందల అరవై వచ్చాయా?"

"వచ్చాయి సిస్టరమ్మా."

"దశమభాగం యాభై ఆరు నువ్వుంచుకో. దేవుడు అంతకంటే అడగలేదు. బ్యాంకుకి నూట పాతిక కట్టాలి, అది ఇటు తే. మిగతాది తర్వాత మాటాడుకుందాం."

దేవుడి పెట్టెలోంచి బాకీ వసూలు చేసుకోవడానికి వచ్చిన మనిషిని కనకరత్నం అదే మొదటిసారి చూడ్డం. "అదెలా కుదురుతాదండీ? పుస్తకానికెక్కిపోనాది" అన్నాడు.

"ఫ్లోరెన్స్ పేరు కొట్టెయ్."

"ఫ్లోరెన్స్ పేరున లేదు సిస్టరమ్మా."

"మరెవరి పేరున ఉంది?"

పుస్తకం నావైపు తిప్పాడు. కోతల పండుగ కానుకలు, ప్రథమ ఫలాలు. నాలుగో వరసలో గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది. "స్టాఫ్ నర్సు ప్రేమలీల గారి మొదటి జీతం. రూ. 560. చెల్లించినవారు, మేనకోడలు ఫ్లోరెన్స్, బి.ఎస్సీ. నర్సింగ్."

నేను బల్ల మీద కూచుండిపోయాను.

నా మొదటి జీతం యాభై ఏడులో. ఎనభై అయిదు రూపాయలు. అది చేతికొచ్చిన మూడోనాడు మా నాన్న పోయాడు. అన్నయ్యకి అప్పటికి పోర్టులో రోజుకూలి, పనుంటే ఉంది, లేకపోతే లేదు. పెట్టె, సమాధి తవ్వినవాళ్ళ కూలి, వచ్చినవాళ్ళ భోజనాలు, అన్నీ ఆ ఎనభై అయిదులోంచే. వచ్చే నెలది ఇద్దామనుకున్నాను. వచ్చే నెలది ఇంటద్దె బాకీకి పోయింది. ఆ తర్వాత ఇస్తే మాత్రం అది మొదటి జీతమెలా అవుతుంది? మొదటిది ఒక్కసారే వస్తుంది. ప్రతి కోతల పండక్కీ ఎవరెవరి పిల్లల పేర్లో చదువుతుంటే తలొంచుకుని పాటల పుస్తకంలోకి చూసేదాన్ని. ఇరవై మూడేళ్ళు ఎవరితోనూ అనలేదు. అన్నయ్యకి తెలుసు. తెలిసి, కూతురికి చెప్పాడన్నమాట.

నా లెక్కలో ఆ నెల ఎందుకు లేదో అప్పుడు తెలిసింది. మొదటి జీతం పక్కన పెట్టడమన్నది నా చేతుల మీదుగా ఎప్పుడూ జరగలేదు. జరగనిదాన్ని నేనెలా రాస్తాను?

నా ఇల్లు అడిగి తీసుకుంది కదా అని లోపల్లోపల నాలుగేళ్ళు సణుక్కున్నాను. ఆ పిల్ల నాకు ఎవరూ ఇవ్వలేనిది తెచ్చి ఇక్కడ పెట్టి, ఒక్క మాటైనా చెప్పకుండా పాఠాలు చెప్పుకోవడానికి పోయింది. నా మేనకోడలు. నేను సంతకం పెట్టిన పిల్ల. నూట పాతికదేముంది, రేపు పొద్దున్నే బ్యాంకులో నేనే పారేస్తాను.

కనకరత్నం కంగారుపడిపోతున్నాడు. "మంచినీళ్ళు తెమ్మంటారా సిస్టరమ్మా?"

"వద్దు. ఆ రోజు ఇది పైకి సదివావా?"

"సదవకేటండీ! అందరితోపాటే సదివాను."

"నాను డ్యూటీలో ఉన్నాను. ఇనలేదు. ఇప్పుడు సదువు."

"ఇప్పుడా? ఎవరూ లేరు కదండీ?"

"నానున్నాను."

కనకరత్నం పుస్తకం పట్టుకుని, అలవాటు ప్రకారం ముందుకి పోయి, మెట్టెక్కి నిలబడ్డాడు. గొంతు సవరించుకుని చదివాడు. "స్టాఫ్ నర్సు ప్రేమలీల గారి మొదటి జీతం, అయిదువందల అరవై రూపాయలు."

నేను లేచి నిలబడ్డాను. యూనిఫారం సర్దుకున్నాను.

"సెల్లించింది ఎవరో వదిలేశావు. అదీ సదువు. గట్టిగా."